ఇప్ప రూటు, సులువు

జూలై 6, ఆదివారం

పిట్టోడా,

నువ్వు చదవవని తెలుసు. అయినా పిలవకుండా మాట ఎట్లా మొదలుపెట్టాలో నాకు రాదు. వంట చేసేటప్పుడు కూడా నిన్ను పిలిచే మొదలుపెడుతున్నాను. నిన్న మీ నాన్న బయటి నుంచి అడిగాడు.

"ఎవలతోటి మాట్లాడుతున్నవ్?"

"పొయ్యితోటి."

"ఏమంటది?"

"పచ్చికట్టెలు తెచ్చినవంటది."

ఆయన వెళ్ళి ఎండుకట్టెలు తెచ్చాడు.

మహిళా సంఘంలో నాకు సంతకం వరకే నేర్పారు. మిగతాది నువ్వు నేర్పావు, మన అడవి రూట్లు తిరగడానికి సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళకు ఏం వండాలో రాసిపెట్టుకోమని. అందుకే నాకు కోడికూర, పప్పుచారు, జొన్నజావ తప్పుల్లేకుండా రాయడం వచ్చు. వేరే మాటల్లో తప్పులుంటాయి. దిద్దేవాడివి లేవు కాబట్టి అట్లాగే ఉంటాయి.

ఇంటి ముందు నీ బోర్డు అట్లాగే ఉంది. మూడు రూట్లు రాశావు. గోదారి రూటు, పాల్వంచ మీదుగా భద్రాచలం వంతెన దాటి రావడం, కష్టం. కిన్నెరసాని రూటు, మధ్యరకం. ఇప్ప రూటు, మన గూడెం నుంచి పామాయిల్ తోటల వెంట చెరువు చుట్టి మళ్ళీ ఇంటికే. దాని పక్కన "సులువు, పిల్లలు కూడా" అని రాసి నవ్వే మొహం బొమ్మ వేశావు.

లారీల మధ్య గోదారి రూటు తొక్కితే నీకు ఏమీ కాలేదు. కిన్నెరసాని అడవిలో ఎలుగుబంటి ఎదురుపడితే ఏమీ కాలేదు. ఇప్ప రూటులో వానకు చెరిగిపోయిన బాణం గుర్తులు మళ్ళీ వేసొస్తానని పోయి, చెరువు దగ్గర తాడిచెట్టు కింద నిలబడ్డావు. పిడుగు పడింది. నెల దాటింది. సులువు అని ఎందుకు రాశావో అడగాలని ఉంది.

సైకిల్‌కు గీత కూడా పడలేదు. వసారాలో ఉంది.


జూలై 8

సైకిల్ తుడిచాను. చినుకులు పడ్డాయి కాబట్టి. పెద్దగా ఏమీ లేదు.


జూలై 13, ఆదివారం

ఖమ్మం నుంచి రవికుమార్ సారు వాళ్ళు వచ్చారు. వారమంతా ఆఫీసులో కూర్చుని, ఆదివారం వచ్చి సైకిల్ మీద కూర్చునే సారు. మొదటిసారి వచ్చినప్పుడు నేను అడిగాను, ఏడికి పోతున్నరు సారూ అని. "ఎక్కడికీ కాదమ్మా, తిరిగి ఇక్కడికే" అన్నాడు. దానికి కోడి కూయకముందే లేవడం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఈరోజు ఆయన నెత్తి మీది టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నీ బోర్డు చదువుతున్నాడు. ఎన్నోసార్లు చదివిందే.

"అమ్మా, సెప్టెంబర్ల పవన్ పేరు మీద ఒక రైడ్ పెడుతున్నం. ఇప్ప రూటు. అందరం తొక్కుతం. మీరిద్దరు ఉండాలె."

"ఇంట్లనే ఉంటం సారూ. ఏడికి పోతం."

నీ ఫోటో వేసిన బనియన్లు తెచ్చాడు. మీ నాన్న అక్కడే వేసుకున్నాడు. ఆయన పొట్ట మీద నీ మొహం కొంచెం లావయింది. విప్పకుండా దానితోనే చేనుకు పోయాడు. సాయంత్రానికి నీ నుదుటి మీద బురద. ఉతికాను. గట్టిగా పిండలేదు.

వాళ్ళు భోంచేశారు. సారు సరిగ్గా తినలేదు, నా ముందు తినడానికి మొహమాటపడ్డాడు. ఒక మనిషి అన్నం మిగిలింది. రోజూ మిగులుతోంది. కొలత గిన్నె మార్చాలి.


జూలై 20

దూలయ్య మామ వచ్చాడు. గూడెంలో చావుకైనా పండుగకైనా వేల్పుల ముందు కూర్చునేది ఆయనే కాబట్టి, ఆయన మన ఇంటికి వస్తున్నాడంటే ఎందుకో అందరికీ తెలుసు. మీ నాన్న టీ పెట్టమన్నాడు. మీ చిన్నమ్మ దుర్గ పని ఉన్నట్టు వచ్చి కోళ్ళగూడు దగ్గర కూర్చుంది. ఆ గూటి దగ్గర దానికి ఏ పనీ లేదు.

"కోడలా, కొత్తల పండుగ దగ్గరకొస్తున్నది. ఆలోపు పిల్లగాన్ని పెద్దల్ల కలపాలె" అన్నాడు మామ.

"కలపండి మామా."

"కలపాలంటే వాని వస్తువులు బొందలగడ్డకు, వాన్ని పాతిన కాడికి పోవాలె. మంచం, కంచం, బట్టలు, గా సైకిలు."

"సైకిల్ ఇయ్య."

"ఎందుకియ్యవ్?"

"నాకు గావాలె."

"నీకేం పని దానితోటి?"

"తొక్కుతా."

మీ నాన్న టీ గ్లాసు కింద పెట్టాడు. దుర్గ కోళ్ళగూడు వెనక్కి పోయింది. అక్కడి నుంచి కోళ్ళ చప్పుడు కాని చప్పుడు వచ్చింది.

మామ నవ్వలేదు. ఆయన నవ్వడు.

"బతికినోళ్ళు వాడుకునే వస్తువు పోయినోళ్ళది కాదు. గది మన తాతల కాడికెల్లి ఉన్న మాట. మీ అత్త పోయినప్పుడు ఆమె కత్తిపీట నీ చేతుల ఉండె. అడిగిన్నా?"

"అడగలే."

"గట్లనే గిది. కొత్తలలోపు నువ్వు దాని మీద ఒక్క రూటు మొత్తం తిరిగి ఇంటికి రా. సైకిల్ నీది, ఎవ్వలు అడగరు. రాకపోతే అది వానిది, వానితోటి పోతది."

"ఏ రూటు?"

మామకు చదువు రాదు. లేచి నీ బోర్డు దగ్గరకు పోయి కింది నుంచి పైదాకా చూశాడు. నవ్వే బొమ్మ మీద వేలు పెట్టాడు. "ఇది."

ఆయన పోయాక మీ నాన్న అన్నాడు, "సంతల ఎడ్లబండి చూసినా పక్కకు జరుగుతవ్. నువ్వు సైకిల్ తొక్కుతవా?"

"సంతకు పోవుటానికి పనికొస్తది" అన్నాను.


జూలై 22

దుర్గ నేర్పుతానంది. ఆశ్రమ పాఠశాలలో ఉన్నప్పుడు వార్డెన్ సైకిల్ దొంగతనంగా తొక్కి నేర్చుకుందట. బడిలో నేర్చుకున్నది అదొక్కటే గుర్తుంది అంటుంది.

నాట్లకు పోయినట్టు చీర గోచీ పోసుకున్నాను. నీ సైకిల్ హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లాగా కిందికి వంగి ఉంటుంది కదా, దాన్ని పట్టుకుంటే మనిషి కూడా పొట్టేలు లాగే వంగాలి. సీటు నా నడుము దాటి ఉంది.

"అక్కా, సీటు దించుదాం. నీ కాళ్ళు అందుతలేవ్."

"దించొద్దు."

"మరి ఎట్ల తొక్కుతవ్? ఎగిరి కూసుంటవా?"

"నిలబడి తొక్కుతా."

"మా సారు కూడా నిలబడే పాఠం చెప్తుండె. మాకేం రాలే."

పడ్డాను. ఇంకా నాటు వేయని మడిలో. మెత్తగానే ఉంది.


జూలై 23

నడుము. ఈరోజు రాయను.


జూలై 31

నువ్వు గేర్ల గురించి చెప్పేవాడివి. ఎక్కుడులో ఏది, దిగుడులో ఏది అని. నేను పోపు వేస్తూ ఊ కొట్టేదాన్ని. అప్పుడు వినలేదు కాబట్టి ఇప్పుడు ఏ మీట నొక్కితే ఏమవుతుందో తెలియదు. ఒక మీట నొక్కితే చైను ఊడింది. దుర్గ దాన్ని ఎక్కించి, "దాని జోలికి పోకక్కా, దాని సంసారం దాన్ని చేసుకోని" అంది.

మీ నాన్న గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. చూడనట్టు తుమ్మపుల్ల నములుతున్నాడు. నేను పడ్డప్పుడల్లా పుల్ల నమలడం ఆపుతున్నాడు. లేవగానే మళ్ళీ నములుతున్నాడు. సాయంత్రం అడగకుండానే పసుపు నూరి మోకాలికి పెట్టాడు.

"గేదె గూడ నిన్ను జూసి మేత ఆపింది."

"పాలియ్యటం ఆపిందా?"

"ఆపలే."

"మరింకేంది?"

గిన్నె మార్చాను. అయినా అన్నం మిగిలింది. బియ్యం బాగా ఉబికే రకం.


ఆగస్టు 7

నిలబడి తొక్కడం వచ్చింది. కానీ కొంచెం దూరమే. కాళ్ళు వణుకుతాయి, దిగిపోవాలి. దిగడం రాదు కాబట్టి పడిపోవాలి.

సంతకు పోవడానికి పనికొస్తుంది.


ఆగస్టు 15

బడి పిల్లలు జెండాలతో రోడ్డు మీద పోతుంటే నేను ఎదురొచ్చాను. పిల్లలు నన్ను చూసి జై అన్నారు. దేనికన్నారో తెలియదు. వాళ్ళను తప్పించబోయి కంచె మీద పడ్డాను. చీర చిరిగింది. ముళ్ళు తీస్తూ దుర్గకు మొదటిసారి కోపం వచ్చింది.

"అక్కా, నేనొక్క మాట చెప్త, తిట్టకు. సీటు దించకుంటే నువ్వు ఇప్ప రూటు కాదు, ఈ కల్వర్టు గూడ దాటవ్. చెరువు కాడ ఎక్కుడుంటది. నిలబడి ఆడిదాకా తొక్కితే నిన్ను గూడ మంచం మీద తెస్తరు."

"దించితే మళ్ళ ఎత్తొచ్చు గదనే?"

"ఎత్తొచ్చు. ఎంత కావాలంటే అంత."

నేను మాట్లాడలేదు. మాట్లాడకపోతే అది సరే అనుకుంటుంది. దాని పెళ్ళి బేరాల నాటి నుంచి దానికి అదే అలవాటు.

నీ వంకర పానా తెచ్చి సీటు కింది మర వదులు చేసింది. కమ్మీ జిడ్డుగా ఉందని గుడ్డతో శుభ్రంగా తుడిచి, నూనె రాసి, కిందికి నొక్కింది. నేను వేరే వైపు చూస్తున్నాను. కోళ్ళు తిరుగుతున్నాయి.


ఆగస్టు 16

కూర్చుంటే కాళ్ళు అందుతున్నాయి. పడలేదు. పెద్దగా ఏమీ లేదు.


ఆగస్టు 30

ఇప్పుడు కల్వర్టు దాటి, ఆశ్రమ పాఠశాల దాటి, పామాయిల్ తోట చివరిదాకా పోయి వస్తున్నాను. తోట లోపల చల్లగా ఉంటుంది, రెండు వైపులా మట్టలు వంగి ఉంటాయి. గాలి మొహానికి కొడుతుంది. ఇది నీకు ఎందుకు ఇష్టమో కొంచెం తెలిసింది. ఇష్టమయినందుకు బాగనిపించలేదు.

తోట చివర రోడ్డు చెరువు వైపు తిరుగుతుంది. అక్కడి నుంచి వెనక్కి వస్తున్నాను.

"అటెందుకు పోతలేవ్?" అంది దుర్గ.

"ఆ రోడ్డు బాగలేదు."

"కొత్తగ తారేసిండ్రు గదక్కా, మొన్ననే."

"అయినా బాగలేదు."

తిరిగి వచ్చేటప్పుడు అది పోయిన అత్తను తిడుతూ నన్ను నవ్వించాలని చూసింది. ఒకే ఇంటి కోడళ్ళం, దాని అత్త నాకు కూడా అత్తే. నవ్వాను.


సెప్టెంబరు 6

దుర్గ అడుగుతోంది, చెరువు ఎప్పుడు చుడతావని. సార్ల రైడు పద్నాలుగున. ఆ రోజే తొక్కుతా అన్నాను. అందరూ ఉంటే రోడ్డు బాగుంటుంది.

ఆగడం మాత్రం ఇంకా రాలేదు. ఇంటికి వచ్చినప్పుడు మీ నాన్న ఎదురొచ్చి పొట్టేలు కొమ్ములు పట్టుకుని ఆపుతున్నాడు.


సెప్టెంబరు 14, ఆదివారం

పొద్దున్నే ఖమ్మం వాళ్ళు, కొత్తగూడెం వాళ్ళు, మధిర నుంచి కూడా కొందరు వచ్చారు. ఎటు చూసినా నువ్వే, అందరి పొట్టల మీద. లావు నువ్వు, సన్నం నువ్వు. ఒకాయన బనియన్ తిరగేసి వేసుకున్నాడు, నువ్వు వెనక నుంచి చూస్తున్నావు.

దూలయ్య మామ కూడా వచ్చి బోర్డు కింద కూర్చున్నాడు. నేను సైకిల్ బయటకు తీస్తే రవికుమార్ సారు పట్టుకోవడానికి వచ్చాడు, నేను ఎవరికో ఇవ్వడానికి తెస్తున్నానని అనుకుని.

"ఎవరు తొక్కుతరమ్మా?"

"నేనే."

సారు మొహం చూడాల్సింది నువ్వు. మధిర నుంచి వచ్చిన ఒకామె, హేమలత అంట, "అయితే ముందు మీరే వెళ్ళండమ్మా, మీ వెనకే మేమంతా వస్తాం" అంది. అట్లా అనకుండా ఉండాల్సింది. ఆ సైకిళ్ళన్నీ నా వెనక పడ్డాయి, నన్ను దాటకూడదని. వాళ్ళకు అంత మెల్లగా తొక్కడం రాదు, ఇద్దరు పడ్డారట. తోట దగ్గర మేకల మంద మమ్మల్ని దాటి పోయింది. మేకల కాపరి దూలయ్య మామ తమ్ముడు. "ఏందమ్మా, ఊరేగింపా?" అన్నాడు. చేయి ఊపడానికి నా దగ్గర చేయి ఖాళీ లేదు.

తోట చివర రోడ్డు తిరిగింది. నేనూ తిరిగాను.

వెనక నుంచి రవికుమార్ సారు చెప్పుకుంటూ వచ్చాడు. చెరువు కట్ట దగ్గర, ఆ చెట్టు దగ్గర అందరం దిగి రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం అని. పూలు కూడా తెచ్చారట. దుర్గ చెప్పలేదా వాళ్ళకు, నాకు ఆగడం రాదని.

ఎక్కుడు వచ్చింది. నువ్వు దాన్ని సులువు అని రాశావు. చిన్న పిల్లలు దాన్ని ఎట్లా ఎక్కుతారో నాకు తెలియదు. ఊపిరి ఆడలేదు. తల వంచి పెడల్ మీదే చూపు పెట్టాను. పక్కన ఒక నల్లని మొదలు కనిపించింది. పైన ఏమీ లేదు, మట్టలు లేవు. వెనక బ్రేకులు పడిన చప్పుడు, అందరూ దిగుతున్న చప్పుడు. "అమ్మా, ఇక్కడే, ఇక్కడే" అంటున్నాడు సారు.

నేను పోయాను.

ఆ తర్వాత దిగుడు. దిగుడులో తొక్కే పని లేదు. సైకిల్ తనంతట తాను పోతుంది. గాలికి కళ్ళలో నీళ్ళు వచ్చాయి. అది గాలికే, సారు కూడా చెప్పాడు, ఆయనకు కూడా వస్తాయని. ఆయన నల్లద్దాలు అందుకే పెట్టుకుంటాడట.

ఒక్కదాన్నే ఇంటికి వచ్చాను. మీ నాన్న కొమ్ములు పట్టుకుని ఆపాడు. కొంచెంసేపు అట్లాగే పట్టుకున్నాడు, నేను దిగాక కూడా.

వాళ్ళు చాలాసేపటికి వచ్చారు. రవికుమార్ సారు చెమట తుడుచుకుంటూ అన్నాడు.

"రెండు నిమిషాలు ఆగుదామనుకున్నం అమ్మా, మీరు ఆగలే."

"ఆగుడు నేర్చుకోలే సారూ."

"మేం నిలబడ్డం. కానీ అందరు మీరు పోయే దిక్కే చూసిండ్రు. మౌనం సగంల పాడైంది, చప్పట్లు కొట్టిండ్రు."

అందరూ బాగా తిన్నారు. సారు రెండోసారి కూర అడిగాడు.


సెప్టెంబరు 15

నిన్న అలిసిపోయి ఒకటి రాయలేదు. దూలయ్య మామ పోయేముందు నా దగ్గరకు వచ్చాడు.

"తిరిగొచ్చినవ్. మాటంటే మాట. సైకిల్ నీది, కోడలా. ఇగ పిల్లగానిది కాదు."

నేను తల ఊపాను. ఈ మాట కోసమే కదా మోకాళ్ళు పగలగొట్టుకుంది. అయినా ఇగ పిల్లగానిది కాదు అన్నప్పుడు నాకు వేరేగా వినిపించింది.

"మామా, మరి వాడెట్ల పోతడు?"

"ఏడికి?"

"పెద్దల కాడికి."

"నడిచి పోతడు. మన పెద్దలంత నడిచే పోయిండ్రు."

"ఆ తొవ్వ దూరమా? ఎక్కుడు ఉంటదా?"

మామ చుట్ట వెలిగించుకున్నాడు. "పోయినోడు ఎవడన్న మళ్ళొచ్చి చెప్పిండా?"

"వాడు నడవడు మామా. చింతపండుకు దుకాణందాకా పొమ్మన్నా సైకిలే. నడిస్తే లేటయితది. కొత్తలనాటికి అందకపోతే?"

కొత్తలు ఎట్లా చేస్తామో నీకు తెలుసు. కొత్త గింజ ముందు పెద్దలకు, తర్వాతే మనకు. పెద్దల్లో కలిసినవాళ్ళకే ఆకు వేస్తారు. వాళ్ళ దాకా చేరనివాడికి ఆకు వేసినా అందదు. వాడు గట్టు మీద నిలబడి అందరూ తింటుంటే చూస్తాడని మా అమ్మ చెప్పేది.

"అందుతడో అందడో నేనేం చెప్త" అన్నాడు మామ. "సైకిల్ నువ్వే గావాలంటివి. ఇచ్చినం."


సెప్టెంబరు 16

సైకిల్ తుడిచాను.


సెప్టెంబరు 17

దుర్గ అంది, ఇప్పుడు మధ్యరకం రూటు చూద్దామా అక్కా, కిన్నెరసానికి పోదాం, నేను కూడా ఒకటి కొంటా అని. దానికి సరదా పుట్టింది. నాకు కూడా వద్దనిపించలేదు. ఒకటి నిజం చెప్తాను పిట్టోడా. నాకు సైకిల్ నచ్చింది. ఇప్పుడు దాని మీద కూర్చుంటే నాకు సరిగ్గా సరిపోతుంది. నువ్వు కూర్చున్నట్టు అనిపించడం లేదు. నేను కూర్చున్నట్టే అనిపిస్తుంది.

సంతకు పోలేదు ఇంకా.


సెప్టెంబరు 20

మీ నాన్నతో చెప్పాను, సైకిల్ బొందలగడ్డకు ఇచ్చేద్దామని. ఆయన అరుగు మీద వడ్ల గంప అల్లుతున్నాడు.

"గిన్నిసార్లు పడ్డది గిందుకేనా?" అన్నాడు.

"పడ్డది నేను. నువ్వెందుకు బాధపడుతవ్?"

"నేను పట్టుకుని ఆపిన."

"ఆపినవ్. ఇప్పుడు సీటు ఎత్తు."

పానా తీసుకొచ్చి మర వదులు చేశాడు. సీటు పైకి లాగాడు. ఆగాడు.

"ఏడిదాకా?"

అప్పుడు తెలిసింది, మాకు తెలియదని. కమ్మీ మీద ఏ గుర్తూ లేదు. దుర్గ నూనె రాసి అద్దంలాగా తుడిచింది. మంచి పనే చేసింది.

"వాడు నా నెత్తి దాకా ఉంటుండె" అన్నాడు మీ నాన్న.

"నెత్తి దాటిండు. నువ్వు వంగి నడుస్తవు కాబట్టి నీకు తెల్వదు."

"నేను వంగి నడుస్తున్నా?"

"జూన్ కాడికెల్లి."

ఆయన గోడకు ఆనుకుని నిటారుగా నిలబడ్డాడు. చెయ్యి నెత్తి మీద పెట్టి, ఇంత అన్నాడు. నేను కాదు, ఇంత అన్నాను. ఆయన నాలుగు వేళ్ళు తక్కువ అంటాడు. నేను ఎక్కువ అంటాను. తలుపు కింద నువ్వు తల వంచేవాడివా లేదా అని మాట పెరిగింది. నేను వంచేవాడన్నాను. ఆయన, వంచలేదు, జుట్టు సర్దుకునేవాడు అన్నాడు. ఇద్దరం చాలాసేపు తలుపు చూస్తూ నిలబడ్డాం. అరుపులు విని దుర్గ వచ్చింది, మేం కొట్టుకుంటున్నామని.

"బావా, నువ్వు ఎక్కి కూసో" అంది. "ఆడికెల్లి కొంచెం పైకి."

మీ నాన్న ఎప్పుడూ దాని మీద ఎక్కలేదు. ఎక్కి కూర్చున్నాడు. ఆయన కాలికి సరిపోయేదాకా పెట్టి, దాని మీద నేను రెండు వేళ్ళు పెంచాను. ఆయన ఒకటి చాలన్నాడు. ఒకటిన్నర పెట్టాం.

సరిగ్గా లేకపోతే నువ్వే సరిచేసుకో. పానా సీటు కింద సంచిలో పెట్టాను.


సెప్టెంబరు 27

కార్యం అయింది. మంచం, కంచం, బట్టలు తీసుకుపోయారు. సైకిల్ నేనే తీసుకుపోయాను. తొక్కలేదు, సీటు అందదు, నడిపించాను. నువ్వు పక్కన లేకుండా నీ సైకిల్ నడిపించడం, ఎవరి బర్రెనో తోలుకుపోతున్నట్టు ఉంది.

అక్కడ పెట్టిన వస్తువుకు ఒక దెబ్బ వేయాలి, లేకపోతే బతికినవాళ్ళు ఎత్తుకుపోతారని. కంచానికి సొట్ట పెట్టారు. మంచం పట్టె ఒకటి విరిచారు. సైకిల్ చక్రం మీద రాయి వేయబోయారు. నేను అడ్డం పోయాను.

"చక్రం పలిగితే ఏం తొక్కుతడు మామా?"

"ఏదో ఒకటి పలగాలె కోడలా."

"గంట పలగ్గొట్టు. వాడు గంట కొట్టడు. అడ్డమొస్తే నోటితోనే అరుస్తడు."

దూలయ్య మామ రాయి నాకిచ్చాడు. గంట నేనే పగలగొట్టాను. రెండు దెబ్బలకు పగిలింది. మొదటి దెబ్బకు మోగింది.

ఇంటికి వచ్చి స్నానం చేశాను. వసారా పెద్దదిగా ఉంది. గడ్డపార, పత్తి సంచులు అక్కడ పెడితే సరిపోతుందని మీ నాన్న అన్నాడు. పెట్టలేదు ఇంకా.


సెప్టెంబరు 28, ఆదివారం

కొత్తలు.

పొద్దున్నే వాన ఆగింది. మీ నాన్న కొత్త వడ్లు దంచాడు. నేను దంచుతానంటే ఇవ్వలేదు. సామలు కూడా వేరేగా వండాం. కోడిని కోశాం, చిక్కుడుకాయ కూర, దోసకాయ పప్పు. నువ్వు దోసకాయ తినవు. అయినా అందరితో కూర్చున్నప్పుడు ఒక్కడికి వేరేగా వండితే బాగుండదు, ఒక ముద్ద కలుపుకో.

దూలయ్య మామ పెద్దల పేర్లు పిలిచి ఒక్కొక్కరికి ఆకు వేశాడు. మా మామ పేరు, మీ నాన్న అన్న పేరు, అత్త పేరు. చివర నీ పేరు. పవన్ అని పిలిచాడు. ఆయన నోట నీ అసలు పేరు వినడం అదే మొదలు. నీ ఆకు చివరన, మా అత్త పక్కన. ఆమె అందరి ఆకుల్లోకి చెయ్యి పెడుతుంది, చూసుకో.

నేనే వడ్డించాను. అన్నం వేసేటప్పుడు మామ ఇక చాలు అన్నాడు. ఆపలేదు. తర్వాత మేం తిన్నాం. మీ నాన్న రెండుసార్లు పెట్టించుకున్నాడు. నేను కూడా తిన్నాను. కొత్త బియ్యం కదా, మెత్తగా, తియ్యగా ఉన్నాయి.

నువ్వు ఏ రూటులో పోయావో, ఎప్పటికి చేరావో నాకు తెలియదు. చేరావనే అనుకుంటున్నాను. అలిసిపోయి ఉంటావు. కాళ్ళు కడుక్కో. ఎవరైనా ఏదైనా అడిగితే తర్వాత చెప్పొచ్చు, ముందు కూర్చో. కడుపు నిండా అన్నం తిను.